చీనీయుల పండుగ వంటకములు: పుట్టుక, అర్థము

ఒక జాతి చరిత్రకు శాసనములు, నాణెములు, తాళపత్రములు ఆధారములైనట్లే వంటిల్లును ఒక యాధారమే. రాజ్యములు మారినను, ఊరు మారినను, తుదకు భాషయే మారినను, పండుగనాడు పొయ్యిమీదికెక్కు వంటకము తరతరములు నిలిచియుండుట పెక్కు దేశములలో కానవచ్చును. మనలో ఈ సంగతిని గుర్తించి పనిచేసిన వారిలో సురవరం ప్రతాపరెడ్డిగారు ముఖ్యులు. 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో వారు మన కావ్యములను గాలించి ఆయా కాలములనాటి తిండి, బట్ట, ఆటపాటల వివరములను ఏరి కూర్చిరి. ఆ దృష్టితో చూచినచో చీనా దేశపు వంటకముల చరిత్ర మిక్కిలి బోధకరమైనది. ఏలయన, అక్కడ వంటకము ఎంత ప్రాచీనమో వ్రాతయు నంత ప్రాచీనము. ఒక తినుబండారమును గూర్చి ఎవరు, ఎప్పుడు, ఏమి వ్రాసిరో వరుసగా చూచుటకు వీలున్నది.

అట్లు చూచునపుడు మూడు ప్రశ్నలు ఎదురగును. వంటకము ఎప్పుడు పుట్టినది? దానిని గూర్చి చెప్పుకొను కథ ఎప్పుడు పుట్టినది? ఆ జనులు స్వస్థలమును విడిచిపోయినపుడు వంటకము, కథ, అర్థము అను మూడింటిలో ఏది వారివెంట పోవును, ఏది వెనుకబడును? తరతరములుగా అన్యభాషా ప్రాంతములలో నివసించుచున్న తెలుగువారికి ఈ మూడవ ప్రశ్న కేవలము పరదేశ విషయము కాదు.

అన్నము, కూర

చీనీయుల భోజనమున రెండు భాగములు గలవు. ధాన్యముతో చేసినది 'ఫాన్'. దానితో కలిపి తినునది 'త్సాయ్'. మన అన్నము, కూర అను విభాగమునకు ఇది సరిగా సరిపోవును. ఇంటికి వచ్చినవానిని, దారిలో ఎదురైనవానిని 'అన్నము తింటివా?' యని పలుకరించుట వారిలోను ఆచారమే. ఆ పలుకరింపులోని అన్నము వరియన్నమే కానక్కరలేదు. ఉత్తర చీనాలో, పచ్చనది పరీవాహమున, మొదటి ధాన్యములు కొర్ర, వరిగ. హెబెయ్ రాష్ట్రములోని సిషాన్ అనుచోట త్రవ్వకములలో ఇంచుమించు ఎనిమిదివేల యేండ్లనాటి ధాన్యపు పాతరలు బయల్పడినవి. రాయలసీమ రైతు ఎరిగిన కొర్రయే చీనా నాగరకతకు తొలి అన్నము. ప్రాచీన చీనా రాజులు రాజ్యమును 'షెజీ' అను మాటతో పేర్కొనిరి. 'షె' యనగా భూదేవత, 'జీ' యనగా చిరుధాన్యపు దేవత. నేల, గింజ కలిసినదే రాజ్యమని ఆ మాటకు తాత్పర్యము.

దక్షిణమున, యాంగ్‌ట్సీ నదీప్రాంతమున వరి ప్రధానము. జెజియాంగ్ రాష్ట్రములోని హెముడు అనుచోట 1973లో మొదలైన త్రవ్వకములలో ఏడువేల యేండ్లనాటి వరిగింజలు, పొట్టు కుప్పలుగా దొరకినవి. గోధుమ మాత్రము పడమటి ఆసియానుండి ఇంచుమించు నాలుగువేల యేండ్లక్రిందట వచ్చిన పరదేశి. తిరుగలి వ్యాపించి పిండి విసరుట సులభమైన హాన్ రాజుల కాలమునుండియే (క్రీ.పూ. 206 - క్రీ.శ. 220) గోధుమకు ఉత్తరమున పెద్దపీట లభించినది. నేడు లోకమంతయు చీనా వంటకములుగా నెరిగిన పిండివంటలలో అనేకము ఇట్లు వలస వచ్చిన ధాన్యముతో చేసినవే.

మూరెడు దారము

చీనీయులు పుట్టినరోజున పొడవైన పిండిదారములను, మన సేమ్యాను పోలినవానిని, పులుసులో వండుకొని తిందురు. దారము ఎంత పొడవైన ఆయుర్దాయము అంత పొడవని నమ్మిక. కావున దానిని వండునపుడు కోయరాదు, తినునపుడు కొరకి తెంపరాదు. ఈ వంటకపు ప్రాచీనతకు సాక్ష్యము ఛింఘాయ్ రాష్ట్రములోని లాజియా గ్రామమున దొరకినది. ఇంచుమించు నాలుగువేల యేండ్లక్రిందట భూకంపము, వరద కలిసి ఆ గ్రామమును పూడ్చివేసినవి. అక్కడ బోర్లపడియున్న యొక మట్టిచిప్ప క్రింద సుమారు మూరెడు పొడవుగల పసుపుపచ్చని దారములు కనబడినవి. అవి కొర్ర, వరిగల పిండితో చేసినవని 2005లో పరిశోధకులు ప్రకటించిరి. జిగురులేని ఆ పిండితో అంతటి దారము తీయుట సాధ్యమా యని తరువాత కొందరు శంకించిరి. తీసిన విధమును గూర్చి వాదమున్నను, గోధుమ వాడుకకు రాకముందే ఆ దేశమున దారముల తిండి యుండెనను సూచన మాత్రము విలువైనది.

ఈ దారములను మార్కో పోలో చీనానుండి ఇటలీకి కొనిపోయెనను కథ లోకమున బాగుగా వ్యాపించినది. ఆయన వెనిస్ నగరమునకు మరలి వచ్చినది 1295లో. సిసిలీ ద్వీపమున పిండిదారములను చేసి ఓడలపై ఎగుమతి చేయుచుండిరని అల్ ఇద్రీసీ అను భూగోళ పండితుడు 1154లోనే వ్రాసియున్నాడు. మన మోటుపల్లిని 'ముత్ఫిలి' యని వర్ణించిన యాత్రికుడును ఈ మార్కో పోలోయే. ఆయన చూచినవి ఆయనకు చాలును. చేయని పనిని అంటగట్ట పనిలేదు. ప్రసిద్ధుడైన పురుషుని పేరు దొరకినచోట వంటకపు కథ అల్లుకొనుట అన్ని దేశములలోను జరుగునదే. చీనాలో అది యెట్లు జరిగినదో రెండు పండుగల వలన స్పష్టముగా తెలియుచున్నది.

ఆకుపొట్లము, మునిగిన కవి

చాంద్రమానమున ఐదవ నెల ఐదవ దినమున చీనీయులు 'జోంగ్జి' వండుదురు. జిగురుబియ్యమును వెదురాకులో మూడు నాలుగు కోణములుగా పొట్లము కట్టి, దారముతో బిగించి, నీట ఉడికింతురు. కోనసీమలో, యానాము పరిసరములలో పనసాకు బుట్టలలో వండు పొట్టిక్కలను ఎరిగినవారికి ఆకు వాసన అన్నమున కెక్కుటలోని రుచిని వేరుగా చెప్పనక్కరలేదు. ఆ దినముననే నదులపై నాగముఖముగల పడవల పందెములు జరుగును.

ఈ పండుగకు కారణముగా చెప్పు కథ ఇది. చూ రాజ్యమున ఛ్యూ యువాన్ అను మంత్రి యుండెను, ఆయన మహాకవి. కొండెములు విని రాజు ఆయనను దేశమునుండి వెడలగొట్టెను. క్రీ.పూ. 278లో ఛిన్ సేనలు చూ రాజధానిని పట్టుకొనగా, ఆ దుఃఖమును సహింపలేక ఆయన మీలువో నదిలో మునిగి ప్రాణములు విడిచెను. జనులు పడవలపై వెదకిరి. దేహమును చేపలు తినకుండ అన్నమును నీట విడిచిరి. ఆ పడవలే పందెములైనవి, ఆ అన్నమే జోంగ్జి యైనది.

ఇక వ్రాతలను చూతము. క్రీ.శ. 297లో మరణించిన జౌ ఛు అను నాతడు ఆయా ప్రాంతముల ఆచారములను వర్ణించుచు, ఐదవ నెల ఐదవ దినమునను, వేసవి అయనమునను జనులు జిగురు ధాన్యమును ఆకులో చుట్టి, బూడిదనీట ఉడికించి తిందురని వ్రాసెను. దాని యర్థమును గూడ చెప్పెను: ఆకులో ఇమిడియున్న గింజ, విడివడక పెనవేసికొనియున్న యిన్, యాంగ్ అను రెండు శక్తులకు గురుతట. అందు ఛ్యూ యువాన్ ప్రస్తావన లేదు. ఆ కవికథను ఈ వంటకముతో ముడిపెట్టిన ప్రసిద్ధమైన వ్రాత వూ జున్ (469-520) అను నాతనిది. జనులు వెదురుగొట్టములలో వేయు బియ్యమును జలసర్పము అపహరించుచున్నదనియు, తురకవేప ఆకులతో మూసి ఐదువన్నెల దారముతో కట్టినచో అది భయపడి తొలగిపోవుననియు, కవి ఆత్మయే యొకనికి కనబడి చెప్పినట్లు ఆతడు వ్రాసెను. కవి మరణించి అప్పటికి ఏడువందల యేండ్లు దాటినవి.

అంతియే కాదు. ఇదే పండుగను పూర్వపు వూ రాజ్యమువారు క్రీ.పూ. 484లో రాజాజ్ఞచే ప్రాణము విడిచిన వూ జిషూ అను మంత్రికై జరుపుకొనిరి. షావోషింగ్ ప్రాంతమువారు, నదిలో మునిగిన తండ్రిని వెదకుచు క్రీ.శ. 143లో తానును మునిగిన త్సావో ఓ అను బాలిక పేర జరుపుకొనిరి. ఐదవ నెల చీనాలో వేడి ముదిరి పురుగు, పుట్ర, రోగము ప్రబలు కాలము. ఆ నెలను వారు దుష్టమాసముగా భావించి రక్షలు కట్టుకొనిరి. పొట్లమున్నది, దారమున్నది, నీటికి నైవేద్యమున్నది. వానిలో ఏ ప్రాంతమువారు తమకు ప్రియమైన మృతుని నిలుపుకొనవలెనో ఆ ప్రాంతమువారు నిలుపుకొనిరి. కాలక్రమమున ఛ్యూ యువాన్ దేశమంతటికిని చెందెను. 1941లో, జపానుతో యుద్ధము జరుగుచుండగా, చుంగ్‌చింగ్ నగరమున తలదాచుకొనిన రచయితలు ఆ దినమును 'కవుల దినము'గా ప్రకటించిరి. రాజధానిని కోల్పోయి వలసవచ్చిన వారికి, రాజధాని పోయినందుకు మరణించిన కవి అంత దగ్గరివాడయ్యెను. ఈ పండుగను 2009లో యునెస్కో మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది.

చంద్రబింబపు రొట్టె

ఎనిమిదవ నెల పూర్ణిమనాడు చీనీయులు 'యుయెబింగ్' అను గుండ్రని తీపిరొట్టెలను పంచుకొందురు. లోపల తామరగింజల ముద్దయో, చిక్కుడు ముద్దయో పెట్టి, పైన అచ్చువేసి కాల్తురు. కొన్ని అచ్చులలో చంద్రునిలో మందు నూరుచున్న కుందేలు కనబడును; చంద్రుని శశాంకుడని పిలుచు మనకు ఆ కుందేలు క్రొత్త కాదు.

దీని కథ విప్లవ గాథ. మంగోలుల ఏలుబడిలో, తిరుగుబాటు ముహూర్తమును చీటీలపై వ్రాసి ఈ రొట్టెలలో దాచి ఇంటింటికి పంపిరనియు, పూర్ణిమనాటి రాత్రి అందరును ఒక్కటిగా లేచిరనియు, తత్ఫలితముగా 1368లో మింగ్ రాజవంశము స్థాపితమైనదనియు చెప్పుదురు. వినుటకు ఇంపైనదే గాని, ఆ కాలపు చరిత్రలలో ఈ ముచ్చట కానరాదు. 13వ శతాబ్దిలోనే దక్షిణ సోంగ్ రాజధాని హాంగ్జౌ వీధులలో అమ్ము తినుబండారముల జాబితాలో వూ జుము అను రచయిత 'యుయెబింగ్' పేరును చేర్చెను. కాని అది పూర్ణిమకు ప్రత్యేకించినదని చెప్పలేదు. 16వ శతాబ్దిలో అదే హాంగ్జౌ నగరవాసియైన త్యెన్ రూచెంగ్, ఆ పూర్ణిమనాడు జనులు ఈ రొట్టెలను ఒకరికొకరు పంపుకొందురనియు, అది కుటుంబమంతయు ఒకచోట కూడుటకు గురుతనియు స్పష్టముగా వ్రాసెను. చీనా భాషలో ఆ కూడికకు 'తువాన్ యువాన్' అని పేరు. 'యువాన్' అనగా గుండ్రన, పూర్ణము. రొట్టె గుండ్రన, చంద్రుడు గుండ్రన, కుటుంబమును గుండ్రన. చీటీల కథ లేకున్నను రొట్టెకు అర్థము లోపింపదు. అది పేరులోనే యున్నది.

శబ్దములోని శకునము

ఇక్కడనే చీనా వంటకముల యర్థమునకు తాళపుచెవి దొరకును. చీనా భాషలో ఒకే ధ్వనిగల మాటలు పెక్కు. కావున ఒక వస్తువును ముందుంచి, అదే ధ్వనిగల శుభమును కోరుట వారికి సహజము. మన కవుల శ్లేషను వారు విస్తరిలో వడ్డించిరనవచ్చును. సంవత్సరాది విందున చేపను తప్పక పెట్టుదురు. చేపను 'యూ' అందురు. మిగులును గూడ 'యూ' అందురు. ఏటేట ఇంత మిగులవలెనను కోరికతో ఆ చేపను పూర్తిగా తినక కొంత మిగుల్తురు. జిగురుబియ్యపు పిండితో చేయు 'నియాన్‌గావో'లో 'నియాన్' ధ్వనికి జిగురనియు, సంవత్సరమనియు. 'గావో' ధ్వనికి పిండివంట యనియు, ఉన్నతమనియు అర్థములు. దానిని తినుట ఏటికేడు పైకెదుగుట.

ఉత్తర చీనాలో సంవత్సరాది రాత్రి 'జియావోజి' వండుదురు. గోధుమపిండి పలుచని బిళ్లలో మాంసమో కూరయో పెట్టి, కజ్జికాయవలె మడిచి, అంచులు నొక్కి ఉడికింతురు. హాన్ కాలపు వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్, చలికి చెవులు కొరుకుకుపోయిన పేదల కొరకు చెవి యాకారమున దీనిని చేసెనని ఐతిహ్యము. కాని ఆయన వైద్యగ్రంథములలో ఆ కథ లేదు. వస్తుసాక్ష్యము వేరుచోట నున్నది. ఎడారిలోని తుర్ఫాన్ సమీపమున, ఆస్తానా సమాధులలో, టాంగ్ కాలమున (618-907) మృతులతో పెట్టిన జియావోజీలు ఎండి, చెక్కుచెదరక దొరకినవి. 'జియావో' ధ్వనికి కలియుట యని, 'జి' ధ్వనికి నడిరేయి గడియ యని యర్థము చెప్పి, పాత యేడు క్రొత్త యేడుతో కలియు గడియకు ఇది గురుతనిరి. వెండి కడ్డీని పోలిన యాకారము వలన సంపదకును గురుతైనది. దక్షిణమున ఈ యాచారము లేదు; అక్కడ నియాన్‌గావోయే సంవత్సరాది వంట. ఒకే జాతి, ఒకే పండుగ. పండు ధాన్యమును బట్టి వంటకము వేరు.

వచ్చినవి, పోయినవి

చీనా వంటిల్లు కోటగోడల నడుమ ఒంటరిగా పెరిగినది కాదు. భారతదేశమునకు దానితోగల బంధము ప్రాచీనము. మూడవ శతాబ్దికి చెందిన నాగార్జునకొండ శాసనమున, బౌద్ధాచార్యులు ధర్మమును వ్యాపింపజేసిన దేశముల వరుసలో చీన నామము కలదు. ఏడవ శతాబ్దిలో హ్యుయాన్‌త్సాంగ్ మన ధాన్యకటకమునకు వచ్చి, అక్కడి భిక్షువులయొద్ద మహాసాంఘికుల శాస్త్రములను చదివెను. ఈ రాకపోకల గురుతు వంటలోను నిలిచినది. పండ్రెండవ నెల ఎనిమిదవ దినమున చీనీయులు పలువిధముల ధాన్యములు, పప్పులు, ఎండుపండ్లు కలిపి 'లాబా' అంబలి కాచుదురు. పండ్రెండవ నెలలో దేవతలకు బలులిచ్చు పూర్వాచారము బౌద్ధమునకు ముందే యుండెను. దానిమీద, బుద్ధుడు సంబోధి పొందిన దినమని, సుజాత యిచ్చిన పాయసమునకు జ్ఞాపకమని, క్రొత్త యర్థము వచ్చి కుదురుకొన్నది. సోంగ్ కాలమున విహారములవారు ఈ అంబలిని కాచి భక్తులకు పంచుచుండిరి.

చక్కెర సంగతి ఇంకను ప్రత్యక్షము. హ్యుయాన్‌త్సాంగ్ స్వదేశమునకు మరలిన రెండేండ్లకు, 647లో, టాంగ్ చక్రవర్తి తైజోంగ్ చెరకురసమును కాచి చక్కెర చేయు విధము నేర్చికొని రమ్మని మగధకు దూతలను పంపినట్లు వారి రాజచరిత్రలో నున్నది. మనకును వారినుండి వచ్చిన సరకులు గలవు. గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనము (1244) సుంకము విధించిన వస్తువులలో చీనా కర్పూరమును పేర్కొన్నది.

నేడు సిచువాన్, హునాన్ రాష్ట్రముల వంటకు ప్రాణమనదగిన మిరపకాయ యైతే అమెరికా ఖండమునుండి వచ్చినది. 1591లో గావో లియాన్ అను రచయిత దానిని 'పరదేశి మిరియము'గా పేర్కొని, తోటలో చూడముచ్చటగానుండు మొక్కగా వర్ణించెను. కొండప్రాంతమైన గుయిజౌలో ఉప్పు దొరకని పేదలు 18వ శతాబ్ది తొలినాళ్లలో ఉప్పునకు బదులుగా దానిని తిన మొదలిడిరి. ఆ మీదటనే అది ఇరుగుపొరుగు రాష్ట్రములకు ప్రాకినది. గుంటూరు మిరప పేరు చెప్పి గర్వించు మనము గూడ ఇది జ్ఞప్తియందుంచుకొనదగును. మన మిరపయు పోర్చుగీసు ఓడలెక్కి వచ్చినదే. పరదేశి వస్తువు కొన్ని తరములలో స్వదేశపు గురుతు కాగలదు. ఇది తలవంపు కాదు. వంటిల్లు బ్రతికియున్నదనుటకు లక్షణము.

దేశాంతరమున

ఇక మూడవ ప్రశ్న. చీనీయులు శతాబ్దములుగా దక్షిణ సముద్ర ద్వీపములకు, మలయాకు, బర్మాకు, వంగదేశమునకు వలసపోయిరి. 19వ శతాబ్ది ఉత్తరార్ధమునుండి మలయా తోటలకును, రంగూన్ రేవునకును, బియ్యపు మిల్లులకును కూలికై పోయిన తెలుగువారికి వారు ఇరుగుపొరుగువారైరి.

మలక్కాలో స్థిరపడి, స్థానిక స్త్రీలను వివాహమాడిన పూర్వపు చీనీయుల సంతతివారిని బాబాలందురు. వారి స్త్రీలు న్యోన్యాలు. వీరి యింటిభాష తరతరముల క్రిందటనే మలయ్ భాష యైనది. అయినను వారు చీనా సంవత్సరాదిని విడువలేదు, పితృపూజను విడువలేదు, ఆకుపొట్లమును విడువలేదు. ఆ పొట్లములోని మాంసమునకు మలయా ధనియములు చేరినవి. అన్నమునకు శంఖుపుష్పపు నీలిరంగు పట్టినది. వంటిల్లు, చుట్టరికము, పూజ అను మూటికి సంబంధించిన చీనా మాటలు వారి మలయ్ భాషలో నేటికిని నిలిచియున్నవి. పొట్లమును 'చాంగ్' అనియే పిలుతురు. అది వారి పూర్వులు ఫ్యూజియన్ తీరమునుండి తెచ్చిన మాట. కాని సంవత్సరాది జిగురువంటకు వారి వాడుక పేరు 'కుయిహ్ బాకుల్'. మలయ్ భాషలో దానికి బుట్టవంట యని యర్థము. బుట్టలో వండుదురు గనుక ఆ పేరు. వంటకము అదియే, తీపి అదియే. కాని ఆ పేరులో సంవత్సరమును వినబడదు, ఉన్నతియును వినబడదు.

దీనికి ప్రక్కనే మరియొక దృశ్యము. మలయా, సింగపూరులలో ఫ్యూజియన్ మాండలికమును మాటాడు చీనీయులు సంవత్సరాదికి అనాసపండును ద్వారమున వ్రేలగట్టుదురు. అనాసముద్ద పెట్టిన బిళ్లలను అతిథులకు పెట్టుదురు. అనాస అమెరికా పండు. ఛ్యూ యువాన్ కాలమున గాని, సోంగ్ కాలమున గాని చీనాలో దానిని ఎరిగినవారు లేరు. అయినను వారి మాండలికమున దాని పేరు 'ఓంగ్ లాయ్'. శుభము వచ్చుననుటకును అదే ధ్వని. అట్లే కాంటన్ భాష మాటాడువారు 1960వ దశకమున సింగపూరులో పచ్చి చేపముక్కలు, రంగురంగుల తురుములు కలిపిన పళ్లెమును ప్రచారమునకు తెచ్చిరి. చుట్టును నిలిచి, పుల్లలతో పైకెత్తి కలుపుచు శుభములు పలుకుదురు. కలుపుట కనిన మాటకే పైకెదుగుట యను ధ్వని యున్నది. భాష బ్రతికియున్నచోట నిన్న మొన్న వచ్చిన పండునకు గూడ అర్థము పుట్టుచున్నది. భాష తొలగినచోట వేల యేండ్ల వంటకమునకు గూడ బుట్ట యొక్కటే మిగులుచున్నది. ఈ రెండు దృశ్యములను ప్రక్కప్రక్కన నిలిపి చూపుటయే ఈ వ్యాసముయొక్క ముఖ్యోద్దేశము.

మనదేశములోని చీనీయుల చరిత్రకు 1780 ప్రాంతము మొదలు. తోంగ్ అచ్యూ అను నాతడు కలకత్తాకు దక్షిణమున హుగ్లీ తీరమున భూమి పొంది చెరకుతోట వేసి చక్కెర కార్ఖానా నడపెను. ఆ యూరికి ఆతని పేరనే అచీపూర్ అని పేరు. మగధకు చక్కెర నేర్వ వచ్చిన దేశమువారు వేయి యేండ్ల తరువాత వంగదేశమునకు చక్కెర చేయ వచ్చిరి. హిందీ, వంగభాషలలో తెల్లని చక్కెరకు 'చీనీ' యని పేరు. కలకత్తాలో తిరెట్టా బజారున, తాంగ్రా తోళ్ల కార్ఖానాల నడుమ ఆ సంఘము వర్ధిల్లెను. 1962 యుద్ధకాలమున వారిలో వేలకొలది మందిని రాజస్థానమున దేవళీ శిబిరమున నిర్బంధించిరి. తరువాత అనేకులు కెనడా మున్నగు దేశములకు తరలిపోయిరి. నేటికిని సంవత్సరాదికి కలకత్తా చీనీయులు అచీపూర్ వెళ్లి పూర్వునికి నమస్కరింతురు. మన పట్టణముల వీధిబండ్లపై 'మంచూరియా' యని అమ్మునది మాత్రము మంచూరియావారెరుగనిది. మైదాపిండి, మిరపకాయ, వెల్లుల్లి, సోయా పులుసు కలిసి మనదేశముననే పుట్టిన వంట. 1970వ దశకమున బొంబాయిలో, కలకత్తానుండి వచ్చిన చీనా వంటవాడొకడు దానిని మొదలిడెనని చెప్పుకొందురు.

మనకు తెలియదగినది

పైన చూచిన చరిత్రనుండి మూడు సంగతులు తేలుచున్నవి. మొదటిది: వంటకము సామాన్యముగా దాని కథకంటె పెద్దది. కథను చరిత్రగా గైకొనరాదు, అట్లని త్రోసివేయనురాదు. ఆ జనులు ఎవరిని మరువదలచుకొనలేదో కథ చెప్పును. రెండవది: వచ్చిచేరిన వస్తువులు వంటను చెరుపవు. గోధుమ, చక్కెర, మిరప, శంఖుపుష్పము వచ్చినను చీనా వంట చీనా వంటగనే నిలిచినది. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: వంటకమును చేతులు కాపాడును, అర్థమును మాట కాపాడును.

కర్ణాటకమున, తమిళనాట, ఒడిశాలో, మహారాష్ట్రమున తరములుగానున్న తెలుగు కుటుంబములలో పండుగ వంటలు నిలిచియే యున్నవి. వాని పేళ్లు నిలిచినవా యనునది ప్రశ్న. పూర్ణము పెట్టి ఒత్తిన తీపిరొట్టెను తీరాంధ్రమువారు బొబ్బట్టనిరి. తెలంగాణమున పోలె, భక్ష్యము అనిరి. రాయలసీమలో ఓళిగ యనిరి. గోంగూరను తెలంగాణమువారు పుంటికూర యనిరి. వలసపోయిన కుటుంబమున ముసలమ్మ నోట ఈ మాటలలో ఏది వినవచ్చునో, ఆ కుటుంబము ఏ సీమనుండి కదలినదో తెలిసికొనుటకు అదియు నొక ఆనవాలు కాగలదు. శాసనము లేని కుటుంబములకు ఇంటిమాటయే శాసనము. ఆ పేరు స్థానిక భాషలోని పేరునకు చోటిచ్చి తొలగినచో రొట్టె మిగులును, త్రోవ మాసిపోవును. కావున ప్రతి సంఘమును తన పెద్దలనుండి పండుగ వంటల పేళ్లను, చేయు విధమును, ఆ వేళ చెప్పుకొను మాటను, చెప్పినవారి ఊరిపేరుతోను సంవత్సరముతోను వ్రాసియుంచుట అవసరము.

ఇట్టి పనికి చీనాలోనే యొక గొప్ప ఉదాహరణము కలదు. 1127లో ఉత్తర సోంగ్ రాజధాని కైఫెంగ్ జుర్చెన్ల వశమయ్యెను. మెంగ్ యువాన్‌లావో అను నాతడు దక్షిణమునకు పారిపోయి, అక్కడనే వృద్ధుడయ్యెను. క్రొత్త తరమువారు పాతనగరపు వైభవమును నమ్మకుండుట చూచి, తానెరిగిన వీధులను, పూటకూళ్ల యిండ్లను, వేకువజామున అమ్ము పిండివంటలను, విహారములలో పంచిన లాబా అంబలిని పేరుపేరున వ్రాసి 1147లో గ్రంథముగా ముగించెను. ఆతడు పండితుడుగా ప్రసిద్ధుడు కాడు. ఆతని శైలి సామాన్యమని పలువురనిరి. అయినను కైఫెంగ్ నగరము ఏమి తినెనో నేడు లోకమెరుగుట ప్రధానముగా ఆతని వలననే. ఆతడు తిరిగి తన నగరమును చేరలేదు గాని, నగరము మాత్రము ఆతని వ్రాతలో నిలిచినది.